ఈఈజీ పరీక్షకు సిద్ధపడే విధానం: తలస్నానం నుంచి తిరుగు బస్సు దాకా

"మా గుంటడి బుర్రకి కరెంటెడతారా బాబూ?" అని సాలూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి ఆ మధ్య నన్ను అడిగింది. విజయనగరంలో ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తును గీతలుగా తీసే పరీక్ష, చేసే గదిలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. మాటలు మారతాయి గానీ భయం ఒకటే. నెత్తి నిండా వైర్లు అతికించడం చూస్తే ఎవరికైనా ఏదో లోపలికి పంపుతున్నారనే అనిపిస్తుంది. నిజానికి ఈ యంత్రం మెదడులోకి దేనినీ పంపదు. మెదడు కణాలు తమలో తాము నడుపుకొనే విద్యుత్తులో నెత్తి చర్మం దాకా చేరినంత మేరకే పట్టుకుని, దానిని పెద్దది చేసి గీతలుగా చూపిస్తుంది. ఆ చేరేది కూడా ఎంతో స్వల్పం, మామూలుగా 10 నుంచి 100 మైక్రోవోల్టుల మధ్య ఉంటుంది. గోడ గడియారంలో వేసే సెల్లు 1.5 వోల్టులు ఇస్తుంది కదా, అందులో ముప్పై వేలో వంతు 50 మైక్రోవోల్టులు. ఇంత చిన్న సంకేతాన్ని పట్టాలి కనుకనే తల మీది నూనె, ఒంటి చెమట, నమిలే దవడ, పక్కన మోగే సెల్‌ఫోను అన్నీ అడ్డం వస్తాయి. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క కారణం వల్ల వచ్చినవే.

మూర్ఛ, మన జిల్లాల్లో అందరి నోటా నలిగే మాటలో ఫిట్స్, వచ్చినట్టు అనుమానం ఉన్నప్పుడు డాక్టరు ఈ పరీక్ష ఎక్కువగా రాస్తారు. "స్కానింగ్ అయిపోయింది కదా, మళ్లీ ఇదెందుకు?" అని చాలామంది అడుగుతారు. సీటీ, ఎంఆర్ఐ స్కాన్లు మెదడు ఆకారాన్ని చూపిస్తాయి. గడ్డ, పాత దెబ్బ మచ్చ, రక్తం గడ్డకట్టిన చోటు, బద్దెపురుగు గుడ్ల వల్ల ఏర్పడే తిత్తి వంటివి వాటిలో కనిపిస్తాయి, ఆ తిత్తులు మన దేశంలో ఫిట్స్‌కు తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి కూడా. ఈఈజీ చూపించేది ఆకారాన్ని కాదు, ఆ క్షణాన మెదడు పనిచేస్తున్న తీరును. స్కాన్‌లో ఏ మచ్చా లేని మెదడులోనూ ఫిట్స్ పుట్టవచ్చు కనుక ఒకటి రెండవదానికి బదులు కాదు.

జర్మనీలోని యేనా పట్టణంలో హన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో తొలిసారి మనిషి తల మీద నుంచి ఈ గీతలు తీశాడు. తన కొలతలను తానే ఏళ్ల తరబడి అనుమానించి, 1929లో గానీ వాటిని ప్రచురించలేదు. కళ్లు మూసుకుని నెమ్మదిగా పడుకున్న మనిషిలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచి పడే అల ఒకటి వస్తుందనీ, కళ్లు తెరవగానే అది అణిగిపోతుందనీ ఆయన గమనించాడు. ఈనాటికీ మా గదిలో పరీక్ష "కళ్లు మూసుకోండి, ఇప్పుడు తెరవండి" అనే మాటలతోనే మొదలవుతుంది.

మామూలు ఈఈజీ 20 నుంచి 30 నిమిషాలు నడుస్తుంది. ఫిట్స్ మాత్రం నెలకు ఒకసారో, ఆరు నెలలకు ఒకసారో వస్తాయి. ఆ అరగంటలోనే ఫిట్స్ వస్తాయని ఎవరూ ఆశించరు. రెండు ఫిట్స్‌కు మధ్య కాలంలో కూడా మెదడు అప్పుడప్పుడు విడిచే సూదిమొన లాంటి అలల కోసం మేము వెతుకుతాం. అవి ఆ అరగంటలో పడవచ్చు, పడకపోనూ వచ్చు. మూర్ఛ నిజంగా ఉన్నవారిలో కూడా మొదటి పరీక్షలో దాదాపు సగం మందికి అవి దొరకవు. దొరికే అవకాశాన్ని పెంచేవి చాలావరకు యంత్రం చేతిలో లేవు, ఇంటి నుంచి బయలుదేరే ముందు మీరు చేసే పనుల్లోనే ఉన్నాయి.

తల శుభ్రం చేసుకోవడం

పరీక్షకు ముందు రోజు సాయంత్రం షాంపూతో రెండుసార్లు తలంటుకోవాలి. ఆ తరువాత నూనె గానీ, జెల్ గానీ, కండిషనరు గానీ రాయకూడదు. కుంకుడుకాయతో రుద్దుకున్నా ఫరవాలేదు, నూనె జిడ్డు పూర్తిగా పోవడమే ముఖ్యం. మన ఇళ్లలో పిల్లలను ఊరు తీసుకువెళ్లే ముందు తలకు కొబ్బరినూనె పట్టించి నున్నగా దువ్వడం ప్రేమకు గుర్తు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ప్రేమ రెట్టింపవుతుంది. నూనె విద్యుత్తును నడవనివ్వదు కనుక మేము ఒక్కొక్క చోట గరుకు జెల్‌తో మళ్లీ మళ్లీ రుద్దవలసి వస్తుంది. పెద్దవారైతే ఓర్చుకుంటారు. నాలుగేళ్ల పిల్లవాడు ఏడుపు అందుకుంటాడు, ఏడ్చే పిల్లవాడి నుదుటి కండరాల గీతలు మెదడు గీతలను పూర్తిగా కప్పేస్తాయి. వాడు ఏడ్చి అలిసి నిద్రపోతే మాత్రం మా పంట పండినట్టే, అది వేరే సంగతి.

తల తడిగా ఉండగా రాకూడదు, ముందు రోజే స్నానం చేయమనడం అందుకే. జడలు విప్పి, పూలు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసి రావాలి. నుదుటి మీద విభూతి, కుంకుమ, చిన్నపిల్లలకు పెట్టే దిష్టిచుక్క ఉంటే మేము తుడుస్తాం, ఎందుకంటే సంకేతాన్ని పట్టడానికి తల మీద అతికించే లోహపు గిన్నెల్లో, అంటే ఎలక్ట్రోడ్లలో, రెండు సరిగ్గా కనుబొమల పైన కూర్చోవాలి. దిష్టిచుక్క తుడిచినందుకు నొచ్చుకునే అమ్మమ్మలకు నేను చెప్పేది ఒకటే: పరీక్ష అవగానే మళ్లీ పెట్టుకోవచ్చు, ఈ అరగంట నేనే కాపలా ఉంటాను.

గుండు చేయించాలా అని కూడా అడుగుతారు. అవసరం లేదు. మొక్కు తీర్చుకుని నున్నని గుండుతో వచ్చినవారికి ఎలక్ట్రోడ్లు పెట్టడం మాకు సులభమే గానీ, కత్తి గాట్లు పచ్చిగా ఉంటే పేస్టు మండుతుంది, కనుక గాట్లు మానిన తరువాత రావడం మంచిది. తల మీద పుండ్లు, గజ్జి ఉంటే ఫోనులోనే ముందుగా చెప్పాలి.

వేసవిలో వచ్చేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉక్క ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. చెమట ఎలక్ట్రోడు కింద చేరితే గీతలు నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతాయి, ఆ ఊపు మెదడు మందగించినప్పుడు వచ్చే నెమ్మది అలలను పోలి ఉంటుంది. ఒకసారి కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు నేను తొందరపడి తీసిన పరీక్షను డాక్టరు చూసి, "ఇది మెదడుది కాదు, మే నెలది" అని తిప్పి పంపారు. ఆ కుటుంబం నాలుగు రోజుల తరువాత మళ్లీ రావలసి వచ్చింది, ఆ తప్పు నాదే. ఎండన పడి వచ్చిన వెంటనే బల్లెక్కకుండా, పదిహేను నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని ఒళ్లు ఆరనిచ్చి రమ్మని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

నిద్ర, బస్సు ప్రయాణం

నిద్ర చాలకపోవడం, నిద్రలోకి జారుకోవడం, ఈ రెండూ దాగి ఉన్న అలలను బయటికి తెస్తాయి. అందువల్ల డాక్టరు చాలాసార్లు "నిద్ర తగ్గించి ఈఈజీ" అని రాస్తారు. పెద్దవారికి సాధారణంగా రాత్రి పన్నెండు దాకా మేలుకొని, తెల్లవారుజామున నాలుగింటికి లేవమని చెబుతారు. పిల్లలకు వయసును బట్టి ఈ గంటలు మారతాయి కనుక చీటీలో రాసినదే పాటించాలి. ఆ ఉదయం టీ, కాఫీ తాగకూడదు. నిద్ర లేకపోవడమే కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది కనుక అలాంటి రోగిని ఒంటరిగా పంపకూడదు, బండి నడపనివ్వకూడదు, దారిలో చెరువు గట్టునో రైలు తలుపు దగ్గరో నిలబడనివ్వకూడదు.

ఇంతా చేసి చాలామంది ఎక్కడ దెబ్బతింటారంటే బస్సులో. పార్వతీపురం నుంచో పాలకొండ నుంచో పొద్దున్నే బస్సు ఎక్కుతారు, రాత్రంతా మేలుకొన్న పిల్లవాడు కిటికీ గాలి తగలగానే అమ్మ ఒడిలో గంటన్నర హాయిగా నిద్రపోతాడు, ఆర్టీసీ కాంప్లెక్సులో దిగేసరికి పూర్తిగా తేరుకుంటాడు. మా గదిలో లైటు ఆర్పి, తలుపు మూసి, జోకొట్టినా ఇక నిద్ర రాదు. పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి రైలులో వచ్చేవారికీ ఇదే జరుగుతుంది. పిల్లవాడిని మేలుకొని ఉంచడానికి ఒకరు, సామాను చూసుకోవడానికి ఒకరు, ఇద్దరు పెద్దలు రావడం మేలు. కిటికీలోంచి వచ్చే ఊళ్ల పేర్లు చదివించండి, ఎక్కాలు చెప్పించండి, తడి గుడ్డతో ముఖం తుడవండి. పాలు తాగే బిడ్డ అయితే ఆకలి వేసే వేళ దాకా ఆపి, ఎలక్ట్రోడ్లు పెట్టడం పూర్తయ్యాక గదిలోనే పాలు పడితే తాగుతూనే నిద్రలోకి జారుకుంటుంది. అలవాటైన దుప్పటి, బొమ్మ వెంట తెచ్చుకోవాలి.

నిద్రమందు సిరప్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కొందరు పిల్లలకు డాక్టరు ట్రైక్లోఫాస్ వంటి సిరప్ రాస్తారు. దానిని బిడ్డ బరువును బట్టి లెక్కకట్టి, ఆసుపత్రిలో, మా కళ్ల ముందే ఇవ్వాలి. ఇంట్లోనే పట్టించి బయలుదేరడం, మెలకువ వచ్చిందని మరో మూత పోయడం ప్రమాదం. మత్తులో ఉన్న బిడ్డ ఊపిరి తీసుకోవడాన్ని బస్సులో ఎవరూ కనిపెట్టి చూడలేరు.

తిండి, మందులు

ఈ పరీక్షకు పరగడుపున రానక్కరలేదు. రక్తపరీక్ష అలవాటు వల్ల చాలామంది ఏమీ తినకుండా వస్తారు, కానీ రక్తంలో చక్కెర తగ్గితే గీతలే మారిపోతాయి. ఇడ్లీయో చద్దన్నమో కడుపు నిండా తిని రావాలి. నిద్రమందు ఇవ్వవలసి వస్తే మాత్రం ఎంతసేపు కడుపు ఖాళీగా ఉంచాలో డాక్టరు చెబుతారు.

ఫిట్స్ మాత్రలు ఆపకూడదు. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చే మాట. "మందు వేసుకుంటే రోగం దాక్కుంటుంది, ఆపితేనే యంత్రంలో పడుతుంది" అని ఎవరో చెప్పగా విని మూడు రోజులు మాత్రలు మానేసి వచ్చిన ఒక యువకుడికి మా వరండాలోనే ఫిట్స్ వచ్చి, బెంచీ అంచు తగిలి నుదురు చిట్లింది. వాల్‌ప్రోయేట్, లెవెటిరాసిటం, కార్బమజెపిన్, ఫెనిటాయిన్ వంటి మందులను హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చే స్థితి ఏర్పడవచ్చు, అందులో ప్రాణమే పోవచ్చు. మందు తగ్గించి పరీక్ష తీయవలసిన సందర్భాలు లేకపోలేదు గానీ, అవి వార్డులో పడుకోబెట్టి, పక్కన నర్సును ఉంచి డాక్టర్లు చేసేవి. మీరు చేయవలసింది వాడుతున్న మందుల అట్టలన్నీ, ఆయుర్వేదం, హోమియో, నిద్రమాత్రలు సహా, ఒక సంచిలో వేసి తేవడం. క్లోబజామ్ వంటి కొన్ని మందులు గీతల్లో వేగమైన అలలు తెస్తాయి కనుక ఆ సంగతి మేము రాసుకోవాలి.

చూసినది చెప్పడం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పరీక్ష ఎంత బాగా తీసినా దానికి అర్థం చెప్పేది ఫిట్స్‌ను కళ్లారా చూసిన మనిషి మాటే. రోగికి తనకేం జరిగిందో తెలియదు. ఆ సమయంలో పక్కనున్నది నాయనమ్మ అయితే, కూలిపని దొరకని రోజు చూసి మామయ్యతో పిల్లవాడిని పంపించి ఆమెను ఇంట్లో ఉంచేస్తారు. మామయ్యను ఏమడిగినా "కొట్టుకున్నాడంటండి" అంటాడు. చూసినవారినే తీసుకురండి, రాలేకపోతే ఫోనులో అందుబాటులో ఉండమనండి.

డాక్టరు వినదలచుకున్నవి చిన్న చిన్న సంగతులు. మొదట ఏం జరిగింది? తల ఏ పక్కకు తిరిగింది, కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, కుడి చెయ్యి ముందు బిగిసిందా లేక రెండు చేతులూ ఒకేసారి బిగిశాయా, కొట్టుకోవడం మొదలయ్యే ముందు పెదవులు చప్పరించడం, బొత్తాలు తడుముకోవడం ఉందా, నాలుక పక్కన కరుచుకుందా, లుంగీ తడిసిందా? గడియారం చూసి ఎన్ని నిమిషాలో చెప్పగలరా? చూస్తున్నవారికి రెండు నిమిషాలు పావుగంటలా తోస్తాయి, కనుక అంచనా కన్నా గడియారం నమ్మదగినది. తేరుకున్నాక వెంటనే మాట్లాడాడా, అరగంట మగతగా ఉన్నాడా, ఒక చెయ్యి కాసేపు పట్టు తప్పిందా? నిద్రలో వచ్చిందా, లేచిన పావుగంటలో వచ్చిందా? ఉదయం లేవగానే చేతులు ఉలిక్కిపడి టీ గ్లాసు జారిపడుతోందంటే, దానిని నరాల బలహీనత అని వదిలేయకుండా తప్పక చెప్పాలి. కౌమారంలో మొదలయ్యే ఒక రకం మూర్ఛకు అదే గుర్తు, నిద్ర తప్పినప్పుడు అది విజృంభిస్తుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన వారంలో ఇలాంటి కుర్రవాళ్లు మా బల్ల మీదికి రావడం నాకు అలవాటైన దృశ్యం. రెండు రాత్రులు నిద్ర లేదు, మాత్ర ఇంట్లో మరిచిపోయారు, ఇంకేం కావాలి?

ఇంట్లో ఇద్దరు ఉన్నప్పుడు ఒకరు రోగిని చూసుకుంటుంటే మరొకరు ఫోనులో వీడియో తీయాలి. బిడ్డ కొట్టుకుంటుంటే ఫోను తీయడమేమిటని కొందరు తప్పుపడతారు. కానీ ఆ ఒక్క నిమిషం వీడియో అనేకసార్లు మా అరగంట గీతలకన్నా ఎక్కువ చెబుతుంది. ముఖం, రెండు చేతులు, రెండు కాళ్లు కనిపించేలా తీయండి, పేరు పెట్టి పిలిచి పలుకుతాడేమో చూడండి. ఆ వీడియో డాక్టరుకు చూపడానికే గానీ బంధువుల వాట్సాప్ గుంపుల్లో తిప్పడానికి కాదు.

ఫిట్స్ వచ్చిన 24 గంటల లోపు తీసిన ఈఈజీలో ఆనవాళ్లు దొరికే అవకాశం ఎక్కువ. దగ్గరలో పరీక్ష ఉంటే "కాస్త కోలుకున్నాక చూద్దాం" అని వారం ఆగవద్దు.

గదిలో జరిగేది

ముక్కు మొదట్లో కనుబొమల మధ్య ఉండే పల్లం నుంచి తల వెనుక తగిలే ఎముక గుబ్బ దాకా టేపుతో కొలిచి, ఆ దూరంలో పదో వంతు, ఐదో వంతు చొప్పున గుర్తులు పెట్టుకుంటాం. ఈ లెక్కను ప్రపంచమంతా 10–20 పద్ధతి అంటారు. విజయనగరంలో తీసినది విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో చూసే డాక్టరుకు ఏ గీత ఏ చోటుదో తెలిసేది దీనివల్లనే. చెవులతో కలిపి 21 చోట్ల చిన్న లోహపు గిన్నెల్లాంటి ఎలక్ట్రోడ్లను తెల్లని పేస్టుతో అతికిస్తాం. సూదులు ఉండవు, నొప్పి ఉండదు. అతికించడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, మొత్తం గంట, గంటన్నర చేతిలో పెట్టుకుని రావాలి.

తరువాత మీ పని కదలకుండా ఉండటం. పళ్లు బిగించినా, గుటక వేసినా, రెప్ప కొట్టినా గీతల్లో పడుతుంది. వెంట వచ్చినవారి ఫోన్లు గది బయట ఉండాలి.

మధ్యలో రెండు పనులు చేయిస్తాం. ఒకటి, మూడు నిమిషాలు గట్టిగా, లోతుగా ఊపిరి తీసి వదలడం. పెద్దవారికి తల తేలికైనట్టు, పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది, ఊపిరి మామూలు కాగానే తగ్గిపోతుంది. పిల్లలకు నేను కాగితపు గాలిచక్రం చేతికిచ్చి ఊదమంటాను. పరధ్యానంగా ఉంటోందని, పిలిస్తే పలకదని బడిలో మాస్టారు తరచు తిట్టే ఒక ఎనిమిదేళ్ల పాప అలాగే ఊదుతోంది. రెండో నిమిషం దాటాక చక్రం నెమ్మదించి ఆగింది, పాప చూపు గాలిలో నిలిచిపోయింది. తెర మీద అన్ని గీతలూ ఒక్కసారిగా లేచి సెకనుకు మూడు చొప్పున సూదిమొన, వెంట ఒక అల, మళ్లీ సూదిమొన, మళ్లీ అల, రంపపు పళ్లలా నడవసాగాయి. "మామిడిపండు" అన్నాను. ఎనిమిది సెకన్ల తరువాత గీతలు అణిగాయి, పాప ఏమీ జరగనట్టు మళ్లీ ఊదడం మొదలుపెట్టింది. నేనేమన్నానో చెప్పమంటే బిత్తరపోయి చూసింది. పక్కనే కూర్చున్న తండ్రి, "ఇదేనండి, అన్నం తింటూ కూడా ఇలాగే ఆగిపోద్ది" అన్నాడు, ఆ తరువాత కాసేపు మాట్లాడలేదు. ఆ పాపది అశ్రద్ధ కాదని, మందుతో తగ్గే అవకాశం బాగా ఉన్న ఒక రకం మూర్ఛ అని తేలింది.

ఈ ఊపిరి పరీక్ష అందరికీ తగదు. గట్టిగా ఊపిరి తీసినప్పుడు మెదడులోని రక్తనాళాలు సన్నబడి రక్తం తగ్గుతుంది కనుక ఈ మధ్యే పక్షవాతం వచ్చినవారికి, గుండె, ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నవారికి, మెదడు రక్తనాళాల జబ్బు ఉన్నవారికి చేయించరు. సికిల్ సెల్ వ్యాధి (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్నవారికి అసలే చేయించకూడదు, వారికి ఇది పక్షవాతం తెచ్చే ప్రమాదం ఉంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చే గిరిజన కుటుంబాలను నేను ఈ సంగతి ప్రత్యేకంగా అడుగుతాను. మేము అడగడం మరిచినా మీరే చెప్పండి, సికిల్ సెల్ కార్డు ఉంటే ఆధార్‌తో పాటు తీసుకురండి.

రెండోది, మూసిన కళ్ల ముందు వేర్వేరు వేగాలతో మిణుకుమనే దీపం. కొద్దిమందిలో మిణుకుమనే వెలుగే ఫిట్స్ తెప్పిస్తుంది, అది ఉందో లేదో చూడటానికే ఈ పని. ఏదైనా తేడా కనిపిస్తే దీపం వెంటనే ఆపేస్తాం.

తలలో ద్రవాన్ని పొట్టలోకి మళ్లించే షంటు గొట్టం ఉన్నవారు, గుండెకు పేస్‌మేకరు, పార్కిన్సన్స్‌కు మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్లు, మెడ నరానికి పెట్టిన స్టిమ్యులేటరు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారు ముందే చెప్పాలి. వీరికి ఈఈజీ తీయవచ్చు, కానీ ఆ పరికరాల ఛాయ గీతల్లో పడుతుంది, తల ఆపరేషను జరిగిన చోట అలలు సహజంగానే పెద్దవిగా కనిపిస్తాయి. ఇలాంటివారు ఆ పరికరం కార్డును ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. ఎంఆర్ఐకి వెళ్లినప్పుడు అది తప్పనిసరి, అయస్కాంతంతో సర్దే రకం షంటు అయితే ఎంఆర్ఐ తరువాత దాని అమరికను మళ్లీ పరీక్షించుకోవాలి. మెదడులో ఎలక్ట్రోడ్లు ఉన్నవారు మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్లి డయాథెర్మీ వేడి పెట్టించుకోకూడదు, ఆ వేడి ఎలక్ట్రోడు కొనకు చేరి మెదడును కాల్చగలదు.

రిపోర్టు చదవడం

రిపోర్టులో "నార్మల్" అని ఉంటే మూర్ఛ లేదని అర్థం కాదు, ఆ అరగంటలో ఏదీ పడలేదని మాత్రమే అర్థం. మాత్రలు మానేయడానికి అది అనుమతి కాదు. అవసరమనుకుంటే డాక్టరు నిద్రలో మరోసారి తీయిస్తారు, మళ్లీ మళ్లీ తీసినకొద్దీ దొరికే అవకాశం పెరుగుతుంది. అలాగే "అబ్‌నార్మల్" అని ఉన్నంత మాత్రాన మూర్ఛ ఉన్నట్టు కూడా కాదు. ఎన్నడూ ఫిట్స్ రాని ఆరోగ్యవంతుల్లోనూ బహు కొద్దిమందికి, పిల్లల్లో ఇంకొంచెం ఎక్కువమందికి, సూదిమొన అలలు కనిపిస్తాయి. తలనొప్పికో, కళ్లు తిరగడానికో ఈఈజీ తీయించి, అందులో ఏదో గీత ఉందని ఏళ్ల తరబడి ఫిట్స్ మందు మింగినవారిని చూశాను. నా మటుకు నాకు ఇది యంత్రాన్ని గౌరవించడం కాదు, వాడుకోవడం తెలియకపోవడం. జరిగిన సంఘటన కథ ముందు, గీతలు తరువాత.

ఫిట్స్ లాగే కనిపించి, ఆ సమయంలో తీసిన గీతల్లో ఏ మార్పూ లేని సంఘటనలు కూడా ఉంటాయి. వీటిని "నాటకం" అని కొట్టిపారేయకూడదు. మనసులోని ఒత్తిడి ఒంటి మీదికి ఎక్కి వచ్చే నిజమైన బాధ అది, దానికి వైద్యం వేరే ఉంది, ఫిట్స్ మాత్రలు పనిచేయవు. రెండింటినీ విడదీయడానికి రోజుల తరబడి కెమెరా ముందు ఉంచి తీసే వీడియో ఈఈజీ ఉపయోగపడుతుంది. రెండు మూడు మందులు మార్చినా ఫిట్స్ ఆగనివారికి ఆపరేషను పనికివస్తుందేమో చూడటానికి కూడా అదే దారి. బెంగళూరులోని నిమ్హాన్స్, హైదరాబాదులోని నిమ్స్ వంటి చోట్ల ఈ పని జరుగుతుంది, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో మూర్ఛ ఆపరేషన్లు 1995 నుంచి జరుగుతున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వెళ్లదలచినవారు బయలుదేరే ముందే కార్డు వెంటబెట్టుకుని ఆసుపత్రిలోని వైద్య సేవ కౌంటరులో అడిగి తెలుసుకోవాలి.

రిపోర్టు కాగితంతో పాటు గీతల కాపీని కూడా పెన్‌డ్రైవులోనో, సీడీలోనో అడిగి తీసుకోండి. మరో డాక్టరు చూడవలసింది మా వాక్యాన్ని కాదు, ఆ గీతలను. పాత ఫైళ్లను దూలం మీద పెడితే చెదలు పడతాయి, ప్లాస్టిక్ కవరులో ఉంచి, ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి.

తిరిగి వెళ్లేటప్పుడు

తల మీది పేస్టును మేము తడి గుడ్డతో చాలావరకు తుడుస్తాం. మిగిలినది ఇంటికి వెళ్లాక గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి కడిగితే పోతుంది, గోళ్లతో గీకవద్దు. కొబ్బరినూనె ఇప్పుడు ఎంతైనా పట్టించవచ్చు.

దారిలో ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి, మెడ దగ్గర బిగుతు వదులు చేయాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు, పళ్ల మధ్య చెంచా గానీ గుడ్డ గానీ దూర్చకూడదు, నీళ్లు పోయకూడదు. తాళాలగుత్తి చేతిలో పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆ ఆగడం తాళాల మహిమగా పేరు తెచ్చుకుంది. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా 108కి ఫోను చేయాలి. ఫిట్స్ ఆపడానికి డాక్టరు మిడాజోలామ్ ముక్కు స్ప్రే రాసి ఉంటే, అది సామాను అడుగున కాక చేతిసంచి పై అరలో ఉండాలి.

ఆ రోజు రాత్రి మాత్ర మామూలు వేళకే వేయాలి. నిద్ర తగ్గించి వచ్చినవారు ఆ సాయంత్రం పొయ్యి దగ్గరికి, నూతి గట్టుకు, నాగావళి స్నానానికి ఒంటరిగా వెళ్లకూడదు. వచ్చేటప్పుడు ఎక్కాలు చెప్పించి, తడి గుడ్డతో ముఖం తుడిచి మేలుకొల్పిన పిల్లవాడిని తిరుగు బస్సులో కిటికీ పక్కన కాకుండా మధ్యలో కూర్చోబెట్టుకుని, ఊరు వచ్చేదాకా నిద్రపోనివ్వండి.